కడ్డీ పీకేసిన గీజర్

వనపర్తిలో మా ఇంటి బోరు నీళ్లకు పప్పు ఉడకదు, సబ్బు నురగ కట్టదు. ఆ నీళ్ల పుణ్యమా అని ఏటా చలికాలానికి ముందు గీజర్‌ను విప్పి శుభ్రం చేయించాల్సిందే. అందుకు ఆత్మకూరు నుంచి బస్సులో ఒక మెకానిక్ వచ్చేవాడు. కాయిల్ బయటికి తీసి, దానికి పట్టిన సున్నపు పెచ్చులను గిన్నెడు రాల్చేవాడు. పోయే ముందు కాయిల్ పక్కనుండే మెగ్నీషియం కడ్డీ మార్చేవాడు. అది ప్రతిసారీ పుల్లలా అరిగిపోయి ఉండేది. ఏటా అరిగిపోయే నాసిరకం సామాను మనకు అంటగడుతున్నాడని నేను గొణిగేవాణ్ని.

మా ఇంట్లో గీజర్ నా కోసం కాదు, మా ఇంటావిడ కుడి భుజం కోసం. ఆమె బట్టలు కుడుతుంది. భుజం పట్టేసినప్పటి నుంచి పొద్దున్నే కాసేపు వేడినీళ్లు పోసుకుంటే గానీ ఆ చెయ్యి మిషను చక్రం దాకా లేవదు.

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. కఠిన జలం పాఠం నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతాను. అంతటివాడికి మెకానిక్ ఎందుకని పోయిన ఏడాది నాకు పౌరుషం పుట్టుకొచ్చింది. కరెంటు ఆపి, నీళ్లు వదిలేసి, గీజర్ విప్పాను. కిరాణా కొట్లో కొన్న నిమ్మ ఉప్పు నీళ్లలో కలిపి కాయిల్ నానబెట్టాను. సున్నం బుసబుసా పొంగి వదిలిపోతుంటే ఇంటావిడను పిలిచి మరీ చూపించాను. కడ్డీ ఎప్పటిలాగే పుల్లలా అరిగిపోయి ఉంది. పీకి గోడ అవతల పారేశాను.

"గది అక్కర లేదా?" అంది ఆమె.

"అక్కరున్నదైతే ఏటేటా గిట్లెందుకు అరుగుతది? కాయిల్ ఎట్ల మెరుస్తున్నదో చూడు" అన్నాను.

ఆమె చూసింది. మెరుస్తూనే ఉంది. నేను వారం రోజులు స్టాఫ్ రూములో ఆ మెరుపు గురించే మాట్లాడాను.

ఈ ఏడాది చలి మొదలైన వారానికే బకెట్లోకి ఎర్రటి నీళ్లు వచ్చాయి. ఆ మర్నాటికి గీజర్ అడుగు నుంచి కారడం మొదలైంది. సిగ్గు చంపుకుని మెకానిక్‌కు ఫోన్ చేశాను. అతను విప్పి లోపలికి టార్చి వేసి చూశాడు.

"సార్, గీంట్ల కడ్డీ ఏది?"

"అరిగిపోయింటే తీసేసిన."

"గది అరిగిపోయెటందుకే పెడ్తం సార్. గది అరిగితే ట్యాంకు అరగదు. ఇగ ట్యాంకు మొత్తం తుప్పే. కొత్తది తెచ్చుకోవాల్సిందే."

ఆ పాఠం కూడా నాదే. ఓడల అడుగున మెగ్నీషియం ముక్కలు బిగిస్తారని, ఇనుముకు బదులు అవి తరిగిపోతాయని, సముద్రం చూడని పిల్లలకు ఏటా బోర్డు మీద ఓడ బొమ్మ వేసి మరీ చెబుతున్నాను. ఓడ సంగతి తెలిసినవాడికి బాత్రూం సంగతి తట్టలేదు.

కొత్త గీజర్ రావడానికి నాలుగు రోజులు పట్టింది. రెండో రోజు పొద్దున నేను పేపరు చదువుతుంటే వంటింట్లోంచి ఆమె వేడినీళ్ల గిన్నె మోసుకొస్తోంది. ఎడమ చేత్తోనే. కుడి చెయ్యి పక్కటెముకలకు అదుముకుని ఉంది. మొహం మాత్రం మామూలుగానే పెట్టుకుంది. పరుగెత్తి గిన్నె అందుకున్నాను.

"నన్ను పిలవొచ్చు గదా?"

"మీరు సదువుకుంటున్రు గదా" అంది.

ఆమె ఎత్తిపొడవలేదు, నిజంగానే అలా అంది. అందుకే ఇంకా ఎక్కువ నొచ్చింది. మిగతా రెండు రోజులూ నీళ్లు నేనే కాచాను, నేనే మోశాను. అయినా చెయ్యి లేవక, అప్పటికే ఒప్పుకున్న జాకెట్లు ఆమె వెనక్కి ఇచ్చేసింది.

మొన్న తుప్పు పాఠం మళ్లీ వచ్చింది. ఈసారి ఓడ వేయలేదు. గీజర్ వేసి, లోపల కడ్డీ గీశాను. ముందు బెంచీలోని అమ్మాయి లేచింది.

"సార్, గా కడ్డీ తీసేస్తే ఏమైతది?"

"మా ఇంటామె భుజం నొస్తది" అన్నాను.

క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి మాత్రం అదే జవాబు నోట్సులో రాసుకుంది. దిద్దేటప్పుడు చూశాను. కొట్టేయడానికి చెయ్యి రాలేదు.