పైడిరాజు ముక్కు గురించి నేను చెప్పిన అబద్ధం

పైడిరాజు పోయాడు. మూడు వారాల కిందటి సోమవారం ఉదయం, రాజాంలో తన షెడ్డులోనే, బండి కింద జాకీ తిప్పుతూ తిప్పుతూ పక్కకి ఒరిగిపోయాడట. కబురు విన్నప్పుడు నా చేతిలో కాఫీ గ్లాసు ఉంది. అది అలాగే చల్లారి మీగడ కట్టింది. నలభై ఏళ్ళు తెలుగు చెప్పి బతికినవాణ్ణి, నా దగ్గర ఎనిమిదో తరగతి చదివిన శిష్యుడికి నేను నివాళి రాయవలసి రావడం ఎంతటి విధి వైపరీత్యం!

ఘ్రాణసార్వభౌముడు అస్తమించాడు. వాహనలోక ధన్వంతరి కీర్తిశేషుడయ్యాడు. పాలకొండ రోడ్డు మలుపులో కారు తిరుగుతూండగానే, దాని గర్భంలో కాలుతున్నది తీగో, నూనో, రబ్బరో ఇక్కడ షెడ్డులో కూర్చునే పసిగట్టగల దివ్యనాసిక అతనిది.

పై మూడు వాక్యాల్లోని పొగడ్తలూ నేను పదిహేనేళ్ళుగా సభల్లో చెబుతున్నవే. మొదటిదీ మూడోదీ పచ్చి అబద్ధాలు. పైడిరాజుకి అసలు వాసనే తెలియదు. చిన్ననాటి విషజ్వరంలో ముక్కు పోయింది. ఇంగువా, ఇంజనాయిలూ అతనికి ఒకటే.

ఈ సంగతి దినకర్మ భోజనాల దగ్గర అతని బావమరిది నోరుజారి బయటపెట్టాడు. అప్పట్నుంచీ ఊళ్ళో గుసగుసలు. నిన్న టీకొట్టు దగ్గర ధాన్యం వ్యాపారి ఒకాయన నా మొహమ్మీదే అన్నాడు: "అయితే మేస్టారూ, ముక్కు లేనోడు ముక్కు పేరు సెప్పి ఇన్నాళ్ళూ మనల్ని ముంచేసినాడన్నమాట!"

"నీ బండి ఒక్కనాడైనా బాగుపడకుండా ఎల్లిందేటయ్యా?" అన్నాను.

"అది కాదండీ..."

అది కాకపోతే మరేదీ కాదు! మోసం జరిగిన మాట నిజం. చేసింది నేను. సన్మానసభలో శాలువా కప్పి, 'ఘ్రాణసార్వభౌమ' అని బిరుదిచ్చి, పెయింటరుని పిలిచి షెడ్డు బోర్డు మీద రాయించిందీ నేనే. "ఏటిది మేస్టారూ, తీయించీండి. నాకు మాడిన ఉప్మా కూడా తెల్దు" అని పైడిరాజు మూడుసార్లు బతిమాలాడు. "ఉండనీరా, గిరాకీ పెరుగుతుంది" అన్నాను. గురువు మాట కాదనలేక ఊరుకున్నాడు.

ముక్కు లేనివాడు కాలిన వాసన గుట్టు ఎలా పట్టేవాడంటే, అడిగేవాడు. "బండికి నోరు లేదు మేస్టారూ, ఎనక సీట్లో కూకున్నోలికి ఉన్నాది" అనేవాడు. ఒకసారి శృంగవరపుకోట నుంచి వచ్చిన కారు డ్రైవరు, బెల్లం పాకం మాడిన వాసన వస్తోందని చెప్పి, ఎవరైనా నవ్వుతారేమోనని తలదించుకున్నాడు. పైడిరాజు నవ్వలేదు. ఇంజను చల్లబరిచే కూలెంటు వేడి గొట్టం మీద కారుతోందని నిమిషంలో తేల్చేశాడు.

ఇక మా బండి సంగతి. ఏడుగురు పట్టే పెద్ద కారు. కొన్నది మా అబ్బాయి, తోలేది ఎక్కువగా నేను. "ఏదో కాలుతోందండీ" అని వెనక సీట్లోంచి మా ఆవిడ అంటే, "నీ అనుమానం కాలుతోంది" అనేవాణ్ణి. అబ్బాయి దాన్ని విశాఖ తోలుకెళ్ళి పెద్ద సర్వీసు సెంటర్లో కంప్యూటరు పెట్టి చూపిస్తే ఏ లోపమూ కనపడలేదు. ఆ తరవాత శ్రీకూర్మం దర్శనానికి నేను తోలుకెళితే, గుడి దగ్గర ఆగేసరికి వెనక చక్రాల్లోంచి పొగ. చల్లారాక మెల్లగా నడుపుకుంటూ రాజాం చేర్చాను.

పైడిరాజు బానెట్ ఎత్తలేదు. వెనక తలుపు తీసి, నేలమీద గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, ఏటి వాసన? మాడా, కమురా?"

అన్నాళ్ళలో మా ఆవిడని ఎవరూ అడగని ప్రశ్న అది. చెంగు సర్దుకుంది.

"రెండూ కాదు నాయనా. కొడవలికి సాన పడతారు సూడు, ఆ వాసన. బండి ఆగినాక మరీనూ."

"రోజూ వస్తాదా?"

"మావోడు తోలితే రాదు. ఈయన తోలితేనే వస్తాది."

పైడిరాజు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

వెనక చక్రాలు విప్పితే బ్రేకు లైనింగులు కాలి నల్లగా, గాజులా మెరుస్తున్నాయి. కొత్తవి బిగించి, నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు. "మేస్టారూ, హేండు బ్రేకు రెండు పళ్ళు పైనే ఉంచి తోలేస్తన్నారు. అడుగుదాకా దించాల. స్టీరింగు ముందర ఆ ఎర్రలైటు అందుకే ఎలుగుతన్నాది."

"బెల్టు పెట్టుకోలేదని గోలపెడుతోందనుకున్నానురా."

అతను నవ్వలేదు. "గాటీ రోడ్డు దిగినప్పుడైతే బ్రేకు పట్టదు. బండిలో మడుసులుంతారు మేస్టారూ." బండి తీసేముందు ఆ లైటు చూసుకుంటానని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

అప్పటికే మా అబ్బాయి హెచ్చరించి ఉన్నాడు, ఇంకొక్క పొరపాటు జరిగితే బండి తాళాలు తన దగ్గరే ఉంటాయని. పైడిరాజుకి అది తెలుసు. సాయంత్రం అబ్బాయి వచ్చి ఏమైందని అడిగితే, "బ్రేకు కేబులు బిగిసిపోనాది బాబూ, ఒదిలించీసినాను" అన్నాడు. నేనెరిగినంతలో అతని నోట వచ్చిన అబద్ధం అదొక్కటే.

బోర్డు మీద బిరుదు నిన్న నేనే దగ్గరుండి చెరిపించాను. ఒట్టి 'పైడిరాజు' మిగిలింది, చాలు. నిష్కపటి, నిగర్వి, నా శిష్యుడై పుట్టి నాకే పాఠం చెప్పిన ఆ ధన్యజీవికి చేతులెత్తి మొక్కుతున్నాను. ముక్కున్న మెకానిక్కులు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు. వెనక తలుపు తీసి ఆడమనిషి మాట కూర్చుని వినేవాడు ఇక లేడు, రాడు.

ఈ పత్రిక మా అబ్బాయీ చదువుతాడు. చదవనీ. బండి తాళాలు వాడికోసం టీవీ పక్కన పెట్టేశాను. పైడిరాజు మోసగాడని ఇంకా అనేవాళ్ళెవరైనా ఉంటే, రేపు ఇళ్ళలోనే ఉండండి. నడిచే వస్తాను.