నాకన్నా ముందే వచ్చి అడిగిన మనిషి

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మా అత్తమ్మ ఎండుమిరపకాయలతో బిడ్డకు దిష్టి తీస్తుంటే, ఆ ఘాటుకు వాడు దగ్గుతాడని కిటికీలు తెరిచే రకం నేను. బీఎస్సీ చదివాను. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తాను. వాడు పక్కనే నిద్రపోతున్నాడు. కాసేపటికోసారి వాడి రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసి, మళ్లీ రాస్తున్నాను.

మాది ప్రొద్దుటూరు. మా ఆయన ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. మావాడికి నాలుగేళ్లు. ఈ ఎండాకాలం మొదట్లో వీధిలో బంతి వెనక పరిగెత్తుతూ పడిపోయాడు. కాలికి ఏదో తగిలి పడడం కాదు. ఉన్నట్టుండి ఒళ్లు వదిలేసి పడ్డాడు. నిమిషంలోపే లేచి కూర్చుని బంతి ఏదని అడిగాడు. పది రోజులకు పక్కింటి పెళ్లిలో టపాకాయ పేలినప్పుడు మళ్లీ అట్లే అయింది.

డాక్టరు ఈసీజీ చూసి, కొంచెం అనుమానంగా ఉంది గానీ కచ్చితంగా చెప్పలేనన్నాడు. రక్తం బయటికి పంపి చేయించే పరీక్ష ఒకటుంది, దానికి మా ఆయన మూణ్ణెల్ల జీతం కూడా చాలదు. ఇంకో దారి కూడా డాక్టరే చెప్పాడు. మీ రెండు వైపులా చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయినవాళ్లు ఉన్నారేమో కనుక్కోండి, ఉన్నారంటే ఆ పరీక్ష కోసం ఆగక్కర్లేదు, నేరుగా పెద్దాసుపత్రికి పంపిస్తానన్నాడు.

మా ఆయన వైపు అట్లాంటి వాళ్లు లేరు. మా నాన్న వైపూ లేరు. మా అమ్మ వైపే నాకు ఏమీ తెలియదు. నేను ఇంటర్లో ఉండగా అమ్మ పోయింది. ఆ తర్వాత వాళ్లతో రాకపోకలు తెగిపోయాయి.

ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా. ఆధార్ కార్డు, ఒక రూళ్ల నోటుబుక్కు సంచిలో వేసుకుని శనివారం బయలుదేరాను. బిడ్డను అత్తమ్మ దగ్గర వదిలాను. ఇది గుర్తుపెట్టుకోండి. వాణ్ణి నేను ఒక్కసారి కూడా వెంట తీసుకుపోలేదు.

ముందు జమ్మలమడుగు వెళ్లాను. అక్కడ అమ్మ వైపు వరుసకు అత్త అయ్యే ఆమె బట్టలు కుడుతుంది. అమ్మ దినాలప్పుడు చూడడమే, పదేళ్లయింది. ఇల్లు గుర్తుపట్టడానికి నాకు అరగంట పట్టింది. ఆమె మాత్రం మిషను ఆపకుండానే తల ఎత్తి పలకరించింది.

"ఏమ్మా, మళ్లా వచ్చినావు? ఆ అడ్రస్ కాగితం పారేసుకున్నావా యేంది?"

నేను నాలుగు రోజుల కిందట వచ్చానట. ఇదే సంగతి అడిగానట. బిడ్డను భుజాన వేసుకుని వచ్చానట. "నిద్రపోతాండే పిల్లోన్ని ఎండలో తిప్పద్దని చెప్తి గదా, ఇయ్యాల యాడ ఇడిసిపెట్టి వచ్చినావు?" అనింది.

నేను కాదని చెప్పాను. పరాచికాలాడుతున్నానని నవ్వింది. తనకేమీ తెలియదనీ, లింగాల దగ్గర పల్లెలో మా అమ్మమ్మ చెల్లెలు ఉందనీ, తెలిస్తే ఆమెకే తెలియాలనీ చెప్పి, చిరునామా ఇంకోసారి రాసిచ్చింది. ఎవరినో చూసి నేననుకుని ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. కానీ బస్సులో కూర్చున్నాక అనుమానం మొదలైంది. మా ఇంటి సంగతి వేరే ఎవరికి కావాలి?

ఆ వారం నేను ఇల్లు కదల్లేదు. గురువారం మావాడు నా కళ్లద్దాల మీద కూర్చుని ఒక పుల్ల విరిచాడు. తెల్ల ప్లాస్టరు చుట్టుకున్నాను.

రెండో శనివారం పులివెందుల దాకా బస్సులో, అక్కడి నుంచి లింగాలకూ పల్లెకూ ఆటోల్లో వెళ్లాను. చీనీ తోటలు దాటాక ఆ ఊరు. అవ్వకు ఎనభై దాటాయి, అయినా చూపు చురుకే. వసారాలో కోడలితో కలిసి వేరుశనగ కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి ఆమె ముఖం మారిపోయింది.

"మొన్న చెప్పింది చాల్లేదా అమ్మీ? ఎన్నిసార్లు ఏడిపిస్తావు నన్ను?"

కోడలు మంచినీళ్లిస్తూ నవ్వింది. "మీ ఆయన టీచరంటివి, కళ్లద్దాలు బాగు చేపీలేడా? సోమారం వచ్చినప్పుడు గూడా ఇదే ప్లాస్టరు."

సోమవారానికి నా కళ్లద్దాలు విరగనే లేదు.

మరిచిపోయాను, ఇంకొక్కసారి చెప్పవ్వా అని కాళ్లు పట్టుకున్నాను. అవ్వ లోపలికి పోయి ట్రంకుపెట్టె తెరిచింది. వాళ్ల ఇంట్లో ఏటా చనిపోయిన పెద్దలకు కొత్త బట్టలు పెట్టుకుంటారు. పంచెలు, చీరల మధ్య మూడు చిన్న చొక్కాలున్నాయి. మూడూ అయిదేళ్ల లోపు పిల్లలవి.

ఒకడు అవ్వ వాళ్లన్న కొడుకు. దూడ వెనక పరిగెత్తుతూ పడి లేవలేదు. ఒకడు మా అమ్మమ్మ తొలిచూలు బిడ్డ, జాతరలో టపాకాయల మోతకు పోయాడు. మూడోవాడు అవ్వ కన్నబిడ్డే, నిద్రలో పోయాడు. పుట్టెంటికలు తీయకముందే పోయిన పిల్లలను ఆ ఇంట్లో లెక్కలో చెప్పరట. పెళ్లి కావాల్సిన ఆడపిల్లల ముందు అసలు ఆ మాటే ఎత్తరట. తనకొక అన్న పుట్టి పోయాడని మా అమ్మకే తెలియదు. బట్టలు మాత్రం తప్పకుండా పెడతారు.

ముగ్గురి సంగతీ నోటుబుక్కులో రాసుకున్నాను. సోమవారం వచ్చిన మనిషి ఇదంతా విని ఏమందని అడిగాను. అవ్వ నన్ను వింతగా చూసింది.

"బిడ్డను దింపి చాప మీద పండబెట్టమంటి. దింపకపోతివి. లేస్తాడని భయమా అంటే, లేవడవ్వా అంటివి."

మళ్లీ తనే అంది. "ముందే వచ్చి అడిగింటే బాగుండు అని ఒకటే ఏడిస్తివి గదమ్మా."

అక్కడి నుంచి ఎట్లా రోడ్డెక్కానో తెలియదు. ఆటోలో నుంచే మా ఆయనకు ఫోన్ చేసి, నా కోసం చూడొద్దు, బిడ్డను ఇప్పుడే డాక్టరు దగ్గరికి ఎత్తుకుపో, ముగ్గురు పిల్లలున్నారని చెప్పు అన్నాను. ఆ సాయంత్రమే పెద్దాసుపత్రిలో చేర్చుకుని, రొమ్ము మీద తీగలు అంటించి మిషనుకు కలిపారు. మర్నాడు మధ్యాహ్నం వాడు కదలకుండా నిద్రపోతుండగా మిషను మోగింది. నర్సులు పరిగెత్తుకొచ్చారు. గుండె లయ తప్పింది, సరిచేశారు. ఇంట్లో ఉంటే నిద్రపోతున్నాడనే అనుకునేవాళ్లమని తర్వాత డాక్టరు చెప్పాడు.

ఇప్పుడు రోజూ మాత్ర వేస్తున్నాం. బాగున్నాడు.

నాకు తోచిన దారులన్నీ వెతికాను. నా పోలికలున్న ఆడపిల్ల మా అమ్మ వైపు ఎవరూ లేరు. నా ఫొటో పంపితే అవ్వ కోడలు, ఇదేం పరీక్ష, నువ్వే గదా అంది. బస్సులో ఇచ్చిన సున్నా టికెట్లు రెండు వెళ్లేటప్పటివి, రెండు వచ్చేటప్పటివి దాచాను. నాలుగూ ఆ రెండు శనివారాలవే.

ఆ కోడలే ఇంకొకటి చెప్పింది. సోమవారం ఆమె పోయేటప్పుడు ఆటో పిలుస్తామంటే వద్దందట. బిడ్డ తల భుజం మీద నుంచి జారకుండా చేత్తో పట్టుకుని, ఎండలో నడుచుకుంటూ పోయిందట.

ఆమె ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. నేనేనని రాయడానికి చెయ్యి రావడం లేదు. మొదట్లో ఆమెను తలుచుకుంటే భయమేసేది. ఇప్పుడు భయం పోయి, నా బిడ్డ ఊపిరి చేతికి తగిలిన ప్రతిసారీ, ఆ ఎండలో ఆమె ఏ ఇంటికి పోయిందా అని ఏడుపొస్తోంది.