అర్దియాలో మూసిన చిమ్నీ

1991 జనవరి. కువైట్ ఇరాకీల చేతిలో ఉంది. అర్దియాలో నేను ఇళ్లకు ఫైర్‌ప్లేస్‌లు, చిమ్నీలు కట్టే మేస్త్రీని. ఆ మండుటెండల దేశంలో చలిమంటల పనేమిటని మా కడపలో నవ్వేవారు. జనవరి చలికి ఒక్కసారి వచ్చి వణికితే తెలిసేది వాళ్లకు!

పని పోయింది, పాస్‌పోర్టు నన్ను పనికి రప్పించిన యజమాని, కఫీల్ దగ్గర ఇరుక్కుంది. ఊరంతా ఒకటే భయం, ఇరాకీలు విషవాయువు వదులుతారని. కిటికీల సందులకు టేపు, తలుపుల కింద తడి దుప్పట్లు.

ఒక ఉదయం పక్కవీధి ఇంట్లో పనిచేసే రాజంపేట రమణమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో రొట్టెల సంచి అలాగే ఉంది.

"అన్నా, గ్యాసు ఏసినారు! రొట్టెల క్యూ నుంచి వచ్చి తలుపు కొడతాండా, మామా పలకడంల్యా, పాప పలకడంల్యా!"

మామా అంటే ఆ ఇంటి యజమానురాలు, పాప ఆమె బిడ్డ. గ్యాసంటే భయం ఉన్నా వెళ్లాను. ఆ ఇంటి పిట్టగోడ మీద పావురాలు తాపీగా తిరుగుతున్నాయి. బయట విషం ఉంటే అవి బతుకుతాయా? వాటి వెనక చిమ్నీ కనిపించింది. దాని మూతికి ప్లాస్టిక్ పట్ట చుట్టి, తాడుతో బిగించి ఉంది.

"అది ఎవరు కట్టినారు?"

"నేనే అన్నా. గ్యాసు రాకుండా బొక్కలన్నీ మూయమని మామా చెప్పింది."

"లోపల నిప్పుందా?"

"పాప వణకతా ఉంటే బొగ్గులు రాజేసి పోయినా. పొగ రాలేదు గదన్నా!"

రాదు. రాజుకున్న బొగ్గు పొగ చూపించదు. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది పైకి పోవడానికే ఫ్లూ, అంటే చిమ్నీ లోపలి పొగదారి. బయటి విషానికి భయపడి, లోపల పుట్టే విషానికి ఆ దారి మూసేశారు. ఇన్నేళ్ల పనిలో అలాంటిది నేను కలలో కూడా అనుకోలేదు.

కిటికీ పగలగొట్టి దూకాను. ఊపిరి బిగబట్టి తలుపు బార్లా తెరిచి, ముందు పాపను, తర్వాత మామాను వాకిట్లోకి లాగాను. పాప ముఖం చూసి రమణమ్మ కూలబడింది.

"నా చేతులారా సంపుకుంటినా అన్నా?"

నేను పాపను పక్కకు తిప్పి వీపు రుద్దుతూ పోయాను. ఎంతసేపటికో పాప దగ్గింది, వాంతి చేసుకుంది, ఏడ్చింది. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చేశాను.

మామా కళ్లు తెరిచింది. బార్లా తెరిచిన తలుపు చూసి మొదట అన్న మాట, "సక్కిర్ ఇల్ బాబ్!" తలుపు మూయమని. తాను వాకిట్లోనే ఉన్నానని తెలియలేదు, ఆమెకు ఇంకా బయటి గ్యాసు భయమే.

ఆ ఇంట్లో మామా మాటకు ఎన్నడూ ఎదురు చెప్పని రమణమ్మ, పాపను చంకనెత్తుకుని వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడింది.

"లా, మామా. మూయను."

ఇప్పటికీ నేను ఎవరింట చిమ్నీ కట్టినా, మిద్దెక్కి మూతి చూడకుండా నిప్పు వెలిగించనివ్వను. నిప్పున్న గదికి ఒక కిటికీ తెరిచి ఉంచమంటాను. చలి వేస్తుందని ఎవరైనా విసుక్కుంటే రమణమ్మ సంగతి చెబుతాను. కిటికీ వాళ్లే తెరుస్తారు.