యేసురత్నం మాస్టారి స్టేషన్‌కి మిగిలిన గోడ

నిన్న పొద్దున్న కొట్టు షట్టర్ సగం ఎత్తేను. ఫోన్ మోగింది. మాస్టారి భార్య, అక్కగారు.

"మాస్టారు లేరు తమ్ముడుగారూ."

ఎక్కడికెళ్ళేరండీ అని అడిగేను. నిజంగానే అర్థం కాలేదు. మొన్న సాయంత్రం మా పెయింట్ల కొట్టుకొచ్చి సన్న బ్రష్ పట్టుకెళ్ళిన మనిషి.

అర్థమయ్యేక మెట్టు మీద అలాగే కూచుండిపోయేను.

నాకు రాయడం అలవాటు లేదు. రోజూ కొట్టు పద్దులు తప్ప ఏమీ రాయను. తప్పులుంటే మన్నించండి.

యేసురత్నం మాస్టారు మన అమలాపురంలోనే లెక్కల మాస్టారుగా రిటైర్ అయ్యేరు. మేడ మీద గదిలో బొమ్మ రైలు, పట్టాలు, స్టేషన్ కట్టుకుంటున్నారు. స్టేషన్ బోర్డు మీద "అమలాపురం" అని ఉంటుంది.

మనూరికి ఇంకా రైలే రాలేదు కదండీ అంటే, వచ్చేసరికి స్టేషన్ రెడీగా ఉండాలి కదా అనేవారు.

ఆన్‌లైన్‌లో తెప్పించిన స్టేషన్ కిట్ ఏదో మంచు పడే దేశానిది. కప్పు బాగా ఏటవాలు, పక్కన పొగగొట్టం. మన ఉక్కపోతలో చలిమంట ఎవరికండీ అని ఆ గొట్టం కోసేసేరు. కప్పు వాలు తగ్గించి, కిటికీల మీద సన్‌షేడ్లు అంటించేరు.

రంగు దగ్గర మాత్రం ఆగిపోయేరు. లేని స్టేషన్‌కి అసలు రంగేంటి?

గోదావరి అవతల స్టేషన్లకి ఏది వేస్తే రేపు మనకీ అదే వేస్తారని తేల్చేరు. నన్నూ నా రంగుల షేడ్ కార్డునీ పాలకొల్లు తీసుకెళ్ళేరు.

ప్లాట్‌ఫాం మీద గోడకి కార్డు ఆనించి చూస్తున్నాం. పెచ్చు ఊడిన చోట మాస్టారు గోరుతో గీకి కింది పొర చూస్తున్నారు. ఇంతలో ఒక పోలీసాయన వచ్చి వెనకాల నిలబడ్డాడు. నేను కార్డు వెనక్కి దాచేసేను.

"గోడేం చేసిందండీ మిమ్మల్ని?"

మాస్టారు తొణకలేదు. "ఆయ్, అమలాపురం స్టేషన్‌కి రంగు చూస్తున్నామండీ."

పోలీసాయన ఎవరో రైల్వే ఆఫీసరనుకుని కుర్చీ వేయించేడు. మాస్టారు దర్జాగా కూచున్నారు. నాకు మాత్రం తిరుగు బస్సెక్కేదాకా ఊపిరాడలేదు.

అక్కడ చూసొచ్చిన లేత పసుపు మా కొట్టులోనే కలిపేం. గోడ మీదున్న రంగే బొమ్మకి వేస్తే ముదురుగా కొడుతుందిట. దూరం నుంచి చూస్తున్నట్టుండాలంటే కాస్త తెలుపు పడాలి అనేవారు. ఆ "కాస్త" ఎంతో ఆయన కంటికే తెలుసు.

మూడు గోడలకి రంగు వేసేరు. ప్లాట్‌ఫాం వైపు గోడ మిగిలింది.

నిన్న మధ్యాహ్నం వాళ్ళింట్లో ఉంటే అక్కగారు ఆ స్టేషన్ మేడ మీంచి రెండు చేతుల్తో పట్టుకొచ్చేరు. భూస్థాపన రోజు చర్చిలో ఆయన పెట్టె పక్కన దీన్ని పెడతామనీ, మిగిలిన గోడ మీరే వెయ్యాలనీ అన్నారు. నా నోట్లోంచి ఆయ్, అలాగే అని వచ్చేసింది.

అప్పట్నుంచీ భయమే.

ఆయన కలుపుతుంటే డబ్బా పట్టుకున్నవాణ్ణే గానీ, ఆ బొమ్మ మీద ఒక్కసారీ బ్రష్ పెట్టలేదు. చెడగొడితే ఎలా సరిచెయ్యాలో చెప్పే మనిషి లేరు.

ఇవాళ పొద్దున్న మాస్టారి మేడ గదిలోనే కూచుని, రంగు నేనే కలిపి వేసేను. మోచెయ్యి బల్లకి ఆనించుకున్నాను.

తడి మీద బాగానే కలిసింది. ఆరేకొద్దీ తేలిపోయింది. తెలుపు ఎక్కువైంది. మూల దగ్గర రెండు పసుపులూ వేర్వేరుగా కనబడుతున్నాయి.



గీకేసి మళ్ళీ వేస్తానన్నాను. గీకితే ఆయన వేసిన అంచు కూడా లేచిపోతుందేమోనని మళ్ళీ అదో భయం.

అక్కగారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసేరు.

"ఉండనివ్వండి తమ్ముడుగారూ. ఎంతవరకూ ఆయన చెయ్యో తెలుస్తోంది."

రేపు చర్చికొచ్చేవాళ్ళకి ఒక్క మాట. ఆ వెలిసినట్టున్న గోడ నాది. మాస్టార్ని ఏమీ అనుకోకండి.

మాస్టారూ, వెళ్ళిరండి.

మీరు నమ్మిన ప్రభువు దగ్గర మీకు నెమ్మది దొరకాలి.