పెద్దమ్మ చూసిన వియత్నాం సినిమా

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా మనవరాలు ముందుగదిలో కూర్చుని వియత్నాం యుద్ధం మీద తీసిన సినిమా ఒకటి చూస్తోంది. యుద్ధచిత్రాల మీద వ్యాసం రాసుకురమ్మని కాలేజీలో చెప్పారట, అందుకని పాతవీ కొత్తవీ కలిపి వారం రోజులుగా అవే చూస్తోంది. నేను పేపరు మడిచిపెట్టి పక్క కుర్చీలో చేరాను. ఎడతెగని వాన, నడుముదాకా నీళ్ళు, తుపాకులు తలమీదికి ఎత్తిపట్టుకుని నడిచే కుర్రాళ్ళు, ఎటునుంచి కాలుస్తున్నారో తెలియక కనబడిన చెట్లన్నిటి మీదా కాల్చే భయం, అన్నీ మన కాళ్ళకే బురద అంటుకున్నంత దగ్గరగా చూపిస్తున్నారు. అంతలో ఒకడు దేన్నో తొక్కాడు. పెద్ద చప్పుడయింది. పొగ తగ్గేసరికి అక్కడ మనిషి లేడు. మనవరాలు సినిమా ఆపి నా వైపు తిరిగి, "దేఖా తాతా, అసలు ఇలాగే అవుతుంది. పురానీ ఫిల్మ్స్‌లో అయితే దోస్త్ ఒళ్ళో తల పెట్టుకుని ఇంత పొడుగు డైలాగ్ చెప్పి చచ్చిపోతారు. కిత్నా ఝూట్!" అని నవ్వింది.

నేనూ నవ్వాననే అనుకుంటాను. కాని ఆ అబద్ధం ఒక ఇంట్లో ఎన్నేళ్ళు కాపురం చేసిందో నాకు తెలుసు కనక, ఆ పూట మరి పేపరు విప్పలేకపోయాను.

నా ఈడువాళ్ళకు రైల్వే ఇన్‌స్టిట్యూట్ సినిమాల గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. మా బిలాస్‌పూర్‌లో ఇన్‌స్టిట్యూట్ వెనక మైదానంలో రెండు గెడలకు తెల్లటి తెర కట్టేవారు. ముందు వరసలో ఆఫీసర్ల కుర్చీలు, వెనక బెంచీలు, ఒక పక్కగా ఆడవాళ్ళ చాపలు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు తెరకు అవతలి వైపు కూర్చునేవారు. వాళ్ళకు సైనికులందరూ ఎడమచేత్తో సలాం కొడుతున్నట్టు కనిపించినా దానికి ఎవరూ బాధపడేవారు కాదు. హిందీ సినిమాలతో పేచీ లేదు. ఇంగ్లీషు సినిమా వచ్చినప్పుడే చిక్కు. మా రైల్వే క్వార్టర్ల లైన్లలో అంతా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళం, ఆడవాళ్ళకు ఇంగ్లీషు ముక్క రాదు. అందుకని చాపల వైపు ఒక చిన్న లౌడ్‌స్పీకర్ తిప్పిపెట్టి, చదువుకున్న కుర్రాడెవరి చేతికో మైకు ఇచ్చి, తెరమీద దొరలు మాట్లాడుతుండగానే తెలుగులో చెప్పించే ఆనవాయితీ ఒకటి ఉండేది. నేను ఆఫీసులో గుమస్తాగా కొత్తగా చేరిన రోజుల్లో ఆ పని నాకు వచ్చింది. ఏ పనైనా ముందుగా సిద్ధం కాకపోతే తోచని స్వభావం కావడంతో, ముందు రోజే ప్రొజెక్టర్ నడిపే ఆయన్ని బతిమాలి హాల్లో తలుపులు వేసుకుని సినిమా ఒకసారి చూసి, మాటలు కాగితం మీద రాసుకునేవాణ్ణి. ఎవరికైనా మాట సరిగా వినపడకపోతే చీకట్లోంచే కేకలు వేసేవారు. హీరో హీరోయిన్ని ముద్దు పెట్టుకున్నప్పుడు నేను నోరు మూసుకుంటే, "ఇప్పుడేటంటన్నాడో సెప్పవేటిరా బాబూ?" అని మా అమ్మ ఈడు ఆడవాళ్ళే ఆటపట్టించేవారు.

మా పక్క క్వార్టర్లో ఉండే ఆవిణ్ణి నేను పెద్దమ్మ అనేవాణ్ణి. చుట్టరికం లేదు గాని మా అమ్మది, ఆవిడది ఒకే ప్రాంతం. పెద్దనాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. వాళ్ళకు ఒక్కడే కొడుకు, నేను అన్నయ్య అనేవాణ్ణి. మా చిన్నాన్న, అంటే మా నాన్న ఆఖరి తమ్ముడు, ఆ అన్నయ్య ఒకే బడిలో చదివి, ఒకే రోజున సైన్యంలో చేరి, ఒకే రైల్లో వెళ్ళారు. స్టేషన్లో ఇద్దరి మెడలోనూ బంతిపూల దండలు వేసి పంపాం. బంగ్లాదేశ్ యుద్ధం అయ్యాక చిన్నాన్న కాలికి దెబ్బతో తిరిగి వచ్చాడు. అన్నయ్యకు బదులు రెండు ముక్కల టెలిగ్రాం వచ్చింది. శరీరం రాలేదు, అక్కడే దహనం చేశారన్నారు.

పెద్దమ్మ ఏడ్చింది, ఊరుకుంది, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది. ఆవిడకు మిగిలినది ఒక్కటే ప్రశ్న. బిడ్డ ఎలా పోయాడు? చిన్నాన్న వచ్చిన రోజున మా గుమ్మంలో నిలబడి అదే అడిగింది. చిన్నాన్న కర్ర పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. కాలు కుదుటపడి, సైన్యం విడిచిపెట్టి, షెడ్డులోనే ఉద్యోగం సంపాదించుకున్నాక కూడా ఆవిడ గుమ్మం ముందు నుంచి డ్యూటీకి వెళ్ళేవాడు కాదు. బొగ్గు కుప్పల వెనక నుంచి చుట్టూ తిరిగి పోయేవాడు. ఇద్దరూ కలిసి వెళ్ళారు గనక కలిసే ఉండి ఉంటారని, పక్కనే ఉండి చూశాడు గనకే చెప్పలేకపోతున్నాడని కాలనీ అంతా తీర్మానించుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

అలా కొన్నేళ్ళు గడిచాక ఒక చలికాలం సాయంకాలం ఇన్‌స్టిట్యూట్‌కు వియత్నాం సినిమా వచ్చింది. యుద్ధం సినిమా కదా, మన జవానును గౌరవించుకోవాలని కమిటీ పెద్దలకు బుద్ధి పుట్టింది. చిన్నాన్న వద్దు మొర్రో అంటున్నా వినకుండా ఆఫీసర్ల వరసలో కుర్చీ వేసి, దండ వేసి, చప్పట్లు కొట్టి కూర్చోబెట్టారు. మంచి మనసుతోనే చేశారు, అందులో అనుమానం లేదు. యుద్ధం నుంచి వచ్చినవాడికి యుద్ధం సినిమా చూపించడం సన్మానమని మేమంతా నమ్మాం. ఎన్నడూ సినిమాలకు రాని పెద్దమ్మ కూడా ఆ రోజు మా అమ్మ వెంట వచ్చి చాప మీద కూర్చుంది. "ఎలగుంటాదో సూస్తానే," అందట.

ఇప్పుడు తలచుకుంటే ఆ సినిమాలో సైనికుల చొక్కాలు అప్పుడే ఇస్త్రీ చేసినట్టుండేవి. అడవిలో కూడా వాళ్ళ ముఖాల మీద వెలుతురు సమంగా పడేది. వియత్నాం వాళ్ళకు ముఖాలే లేవు, పొదల్లోంచి లేవడమూ వరసగా కూలడమూ తప్ప వాళ్ళకు వేరే పని లేదు. నేను మైకులో చెప్పుకుపోతుంటే చాపల మీద నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "ఆ పడిపోతన్నోళ్ళు ఎవులు బాబూ?" శత్రువులు పెద్దమ్మా, అన్నాను. "ఆళ్ళకి అమ్మల్లేరేటి?" అంది. వెనక బెంచీల నుంచి ఎవరో, "ఓలమ్మా, ఆళ్ళ కోసం కూడా ఏడిస్తే తెల్లారిపోద్ది, సినిమా సూడనీ!" అన్నారు. అందరూ నవ్వారు.

ఆ తర్వాత వచ్చింది ఆ ఘట్టం. కుర్ర సైనికుడికి గుండెలో తూటా తగిలింది. స్నేహితుడు పరుగెత్తుకొచ్చి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. చుట్టూ పేలుతున్న ఫిరంగులు మర్యాదగా ఆగాయి. సంగీతం వచ్చింది. నొప్పి లేదు, మా అమ్మకు చెప్పు, ఆమె చేతి వంట గుర్తొస్తోంది, నేను భయపడలేదని చెప్పు అని ఆ కుర్రాడు అంటుంటే ఒక్కొక్క మాటే తెలుగులో చెప్పాను. చాపల మీద అందరూ ముక్కులు చీదుకుంటున్నారు. అతను కళ్ళు మూయడంతో రీలు అయిపోయి లైట్లు వేశారు.

రీలు మార్చేలోగా వేరుశనక్కాయల వాళ్ళు తిరగడం, పిల్లలు అల్లరి చేయడం మామూలు. ఆ రోజు అవేవీ మొదలుకాక ముందే పెద్దమ్మ చాప మీంచి లేచింది. ఆడవాళ్ళు మగవాళ్ళ వైపు రావడం ఎన్నడూ లేదు. ఆవిడ తిన్నగా ఆఫీసర్ల వరస దాకా నడిచి వచ్చి, దండ వేసుకుని కూర్చున్న మా చిన్నాన్న ముందు నేలమీద చతికిలబడింది.

"ఇలగేనా నాయినా? నా కొడుకు ఇలగే పోనాడా? నీ ఒళ్ళోనేనా?"

చిన్నాన్న మా అందరివైపూ చూశాడు, తెర వైపు చూశాడు, చివరికి ఆవిడ ముఖం చూశాడు. "అవునొదినా," అన్నాడు.

"ఏటైనా అన్నాడా?"

"నిన్నే తలిసేడు. నొప్పి నేదన్నాడు."

పెద్దమ్మ రెండు చేతులూ ఎత్తి ఆయనకు దండం పెట్టింది. మా అమ్మ వెళ్ళి లేవనెత్తి తీసుకొచ్చింది. సినిమా మళ్ళీ మొదలైంది, నేను మళ్ళీ మైకు పట్టుకున్నాను, తర్వాతి కథ ఏమిటో మాత్రం ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు. డైరీ రాసే అలవాటు అప్పటికే ఉంది గనక ఆ రాత్రి కూడా రాసి ఉంటాను. రీలు రెండుసార్లు తెగిందనో, చలి ఎక్కువగా ఉందనో.

ఆ రోజు నుంచి పెద్దమ్మ మనిషయింది. మళ్ళీ బొట్టు పెద్దదిగా పెట్టుకుంది, ఊరగాయలు పట్టింది, పేరంటాలకు వెళ్ళింది. ఏటా అన్నయ్య పోయిన రోజున కొడుక్కి ఇష్టమైన నువ్వుపొడి, బెండకాయ పులుసు చేసి చిన్నాన్నను పిలిచి విస్తరి వేసేది. వడ్డిస్తూ, మళ్ళీ చెప్పు నాయినా అనేది. ఆయన చెప్పేవాడు. ఒకసారి చెప్పినట్టే రెండోసారి చెబితే ఆవిడకు తృప్తి ఉండేది కాదు కాబోలు, ఏడాదికో మాట కలిసేది: దాహం అడిగాడని, నీళ్ళు తాగించానని, ఆకాశం వైపు చూశాడని. భోజనం చేసి వచ్చిన రోజున చిన్నాన్న ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పిన్ని ఏమైనా అడిగితే విసుక్కునేవాడు.

చాలా ఏళ్ళకు పెద్దమ్మ పోయింది. చివరి వరకూ స్పృహలోనే ఉంది, కొడుకు భయపడకుండా వెళ్ళాడు నాకేం భయమని అందరికీ చెబుతూనే పోయింది. అర్పా నది ఒడ్డున దహనం అయ్యాక అందరూ ముందు నడిచిపోతుంటే చిన్నాన్న కాలు ఈడ్చుకుంటూ వెనకబడ్డాడు. నేను తోడుగా ఆగాను. గట్టు మీద కూర్చుని, నన్ను చూడకుండానే అన్నాడు.

"నాను ఆడి పక్కన ఉండనేదురా. ఆడు పోయేసరికి నన్ను ఆసుపత్రిలో పడీసినారు. మందుపాతర పేలిందని ఎవులో వొచ్చి సెప్పేరు. ఏరడానికి కూడా ఏటీ మిగల్నేదంట. అది ఏటని సెప్పను ఆ తల్లికి?"

మరి ఎందుకు బాధపడతావు చిన్నాన్నా, ఆవిడను బతికించావు కదా అన్నాను.

"ఆవిడ కొడుకు నా ఒళ్ళో పోనాడు. నా నేస్తం మాత్రం ఒక్కడే పోనాడురా. ఆడి కోసం నాను ఎవులి దగ్గర ఏడవను?"

అప్పుడు అర్థమైంది. కాలనీ అంతటికీ ఒక చావు ఇచ్చేశాక, తన స్నేహితుడి అసలు చావును తలచుకునే హక్కు ఆయనకు లేకుండా పోయింది. ఆ తర్వాత కూడా ఆయన ఆ ఊసు ఎత్తలేదు, నేను అడగలేదు. ఆయనా వెళ్ళిపోయి చాలా కాలమైంది.

మనవరాలి వ్యాసం నిన్న పూర్తయింది. తెలుగు చదవడం రాదు గాని మాట్లాడడం బాగానే వచ్చు, సగం హిందీ కలిపి నాకు వినిపించింది. పాత సినిమాలు చావును అందంగా చూపించి యుద్ధాన్ని భరించదగినదిగా చేశాయనీ, కొత్తవి ఆ తప్పును దిద్దుకున్నాయనీ రాసింది. ఆ పొదల్లోని వాళ్ళకూ ఇప్పుడు ముఖాలు వచ్చాయనీ, తల్లులు వచ్చారనీ కూడా రాసింది. నిజమే. అచ్ఛా రాసావమ్మా అన్నాను. ఇన్‌స్టిట్యూట్ మైదానంలో ఇప్పుడు తెర కట్టరు, మైకు పట్టుకుని ఎవరికీ ఏదీ చెప్పనక్కరలేదు, నిజమంతా ఎవరి గదిలో వాళ్ళకే నేరుగా వచ్చేస్తోంది.

నా ఆలోచన మాత్రం మరోచోట ఉంది. ఆ చలికాలం సాయంకాలం మాకు వచ్చినది ఇలాంటి సినిమా అయి ఉంటే, పొగ తగ్గేసరికి మనిషి లేకపోవడం పెద్దమ్మ చూసి ఉంటే, చాప మీంచి లేచేది కాదు. ఏమీ అడిగేది కాదు. చిన్నాన్నకు ఆ ఒక్క మాట అనవలసిన అవసరం రాక, తన స్నేహితుడి కోసం తను తనివితీరా ఏడ్చుకునేవాడు. ఆవిడ మాత్రం ఆ ఏడాది దాటేది కాదేమో. ఇద్దరూ నా మనుషులే. ఏ సినిమా వచ్చి ఉండాల్సిందో ఈ వయసులోనూ తేల్చుకోలేకపోతున్నాను.