ముల్లు ఎత్తిన చోట

నేను చెబుతుంటే మనవరాలు టైపు చేస్తోంది. పొద్దున మా అబ్బాయి గ్రామఫోన్ ప్లేట్లన్నీ పాతసామాన్లవాడికి ఇవ్వబోతుంటే లాక్కున్నాను.

మా ఈడువాళ్లకు గుర్తుందా, పాట మొదలవకముందు వచ్చే ఆ గరగర? మా నాన్న సన్నాయి ప్లేట్లు పోగుచేసేవాడు. రాగం ఆలాపనలో వాయించిన సంగతే మళ్లీ వాయిస్తే చటుక్కున ముల్లు ఎత్తేసేవాడు. ఓసారి కాకినాడ నుంచి ఒక సన్నాయి విద్వాంసుడు ఇంటికొస్తే, మర్యాదకని ఆయన ప్లేటే పెట్టాడు. అలవాటుకొద్దీ సగంలో ఎత్తేశాడు. ఆ విసురుకి ప్లేటు మీద గీత పడింది. అమ్మ కాఫీ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఆపేశారేంటండీ?" అని అడిగాడు విద్వాంసుడు.

"అన్నదే అంటున్నారండి," అన్నాడు నాన్న.

ఆయన సంచిలోంచి సన్నాయి తీసి, ఆగిన చోటు నుంచే కొత్తగా ఎత్తుకున్నాడు. నాన్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

ఆ వాయించింది ఏ ప్లేటులోనూ లేదురా అబ్బాయీ. ఎక్కడ మొదలైందో చెప్పే గీత ఒక్కటే మిగిలింది. దాన్ని ఎలా అమ్ముతావో నేనూ చూస్తాను.