ఆఫీసుకు తప్ప ఎక్కడికీ తీయని బండి

ఈ రోజు సాయంత్రం మా ఆయన కోసం సెకండ్ హ్యాండ్ బైక్ చూడటానికి మూసాపేట వెళ్లాం. బయల్దేరే ముందే ఆయన గట్టిగా చెప్పారు, "అక్కడ నువ్వేం మాట్లాడకు, బండ్ల సంగతి నీకు తెలీదు" అని. సరేనని నోరు మూసుకున్నాను.

బండి నాలుగేళ్లది. మీటరు మీద పదకొండు వేల కిలోమీటర్లే. మా ఆయన మొహం వెలిగిపోయింది. అమ్మే అతను ఇంకా ఊదరగొట్టాడు: "ఆఫీసుకు తప్ప యాడికీ తీయలే అన్నా. జర చూడు, కొత్త బండి లెక్కనే ఉంది."

అడ్వాన్సు పంపడానికి మా ఆయన ఫోన్ తీశారు. ఇక నా వల్ల కాలేదు.

"మీ ఆఫీసు ఎక్కడండి?"

"నానక్‌రామ్‌గూడ మేడం."

"మొదట్నుంచీ ఈ ఇంటి నుంచేనా?"

"అవ్ మేడం, సొంతిల్లే."

"మధ్యలో వర్క్ ఫ్రం హోమ్ ఏమైనా ఇచ్చారా?"

"ఏడ ఇచ్చిండ్రు మేడం! నాలుగేండ్ల సంది రోజు పోవుడే."

పోనూ రానూ ముప్పై కిలోమీటర్లు. శని, ఆదివారాలు, సెలవులు తీసేసినా మీటరు లెక్కన అతను ఆఫీసుకు వెళ్లింది ఏడాదిన్నరే. ఆ మాటే అన్నాను. అతను మీటరు వంక చూసి, "మీరేం పని చేస్తరు మేడం?" అన్నాడు.

"సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అండి."

మా ఆయన ఫోన్ జేబులో పెట్టేసుకున్నారు. ఇంటికొచ్చాక, "రేపు పుప్పాలగూడలో ఇంకో బండి ఉంది. నువ్వే మాట్లాడు" అన్నారు.

ఇంతకీ మీ ఇంట్లో బండ్ల సంగతి ఎవరికి తెలీదు?